అయోవాలో 'లా' అనకూడదు

జూలై 7, సోమవారం

ఈ రోజు నుంచి నేను డైరీ రాస్తున్నాను. చరిత్ర నన్ను క్షమించుగాక. తెలుగులో రాయడానికి కారణం భాషాభిమానం కాదు, భద్రత. మా కంపెనీలో తెలుగు మాట్లాడేవాళ్ళు ముగ్గురం ఉన్నా, చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆదివారం పూట నా చెవి మెలేసి తెలుగు అసోసియేషన్ క్లాసుకి తోలినందుకు మా అమ్మమ్మ కూర్మమ్మకి ఇన్నాళ్ళకి కృతజ్ఞతలు.

కంపెనీ పేరు అప్‌స్టెయిర్స్ ప్లేయర్స్. కౌలాలంపూర్‌లో, సెంతుల్‌లో, ఒక టైర్ల షాపు మీద మేడ. పాత అమెరికన్ నాటకాలకి ఇంగ్లీషులోనే మళ్ళీ ప్రాణం పోయడం మా వృత్తి. కింద టైర్లకి గాలి పోస్తారు, పైన మేము. అకౌంటెన్సీ చదివిన తిబన్ అనే నేను ఇక్కడ స్టేజ్ మేనేజర్ని, మరిచిన మాట అందించే ప్రాంప్టర్ని. ఈసారి పోస్ట్‌మాన్‌ని, షెరీఫ్‌ని, తెర వెనక మొరిగే కుక్కని కూడా. కుక్కకి రివ్యూలు బాగా వస్తాయని నా ప్రగాఢ విశ్వాసం.

నాటకం ఎనభై ఏళ్ళ నాటిది. అయోవాలో మొక్కజొన్న రైతు వాల్ట్, అతని భార్య ఎడ్నా. పంట పోతుంది. కథ అంతే. వాల్ట్‌గా అప్పడు మావ, ఎడ్నాగా పుష్పవల్లి అత్త. నిజజీవితంలో కూడా మొగుడూ పెళ్ళాలే. వాళ్ళిద్దరూ ఈ కంపెనీ పెట్టేటప్పటికి నేను పుట్టలేదు. ఇన్నేళ్ళూ మావ హీరో. అత్త మాత్రం పనిమనిషి, పక్కింటావిడ, హీరో తల్లి. (మావకి తల్లిగా మూడుసార్లు వేసింది.) హీరోయిన్ వేషం ఇదే మొదటిసారి. అరవయ్యేళ్ళకి ఈరోయిన్ ఏటిరా నా మొహం అని నాతో అంది గానీ, రాత్రిళ్ళు స్క్రిప్టు దిండు కింద పెట్టుకుని పడుకుంటన్నాదిరా మీ అత్త అని మావ రహస్యం బయటపెట్టేశాడు.

డైరెక్టర్ ప్రేమ్‌నాథ్. అమెరికాలో రెండేళ్ళు నాటకం చదివి వచ్చాడు. శరీరం విమానం దిగింది, మనసు ఇంకా దిగలేదు. ఇవాళ ఒక శాసనం చేశాడు. అయోవాలో ఎవరూ 'లా' అనరట. మలేషియాలో మనం ఏ భాష మాట్లాడినా వాక్యం చివర ఆ తోక తగిలిస్తాం కదా, రా లా, తిను లా, చాలు లా అని. రిహార్సల్‌లో తోక కనిపిస్తే ఆ రోజు హాలు ఊడ్చే బాధ్యత వాళ్ళదే. ఈ ప్రకటన అయ్యాక అందరూ ఒక్కసారిగా నా వైపు చూశారు. అవమానం.

జూలై 9

మొదటి నేరస్థుణ్ణి నేను కాదు! అత్త!

చివరి అంకంలో కిటికీ సీను. వడగళ్ళు పడుతుంటాయి. వాల్ట్ కిటికీ దగ్గర నిలబడి నాశనమవుతున్న చేను చూస్తుంటాడు. ఎడ్నాకీ, ప్రేక్షకులకీ అతని వీపే కనబడుతుంది. ఎడ్నా బల్ల దగ్గర విత్తనాలు ఏరుతూ పెద్ద స్పీచ్ ఇస్తుంది. ఆఖరి మాట, నీకు ఈ చేను లేకపోయినా నేను నీతోనే వచ్చేదాన్ని అని. వాల్ట్ తిరగకుండా, అయితే పొయ్యి వెలిగిస్తా అంటాడు. చీకటి.

అత్త స్పీచ్ అద్భుతంగా చెప్పింది. చివర కడుపులోంచి తీసి, గంట కొట్టినట్టు, లా అంది.

ఎడ్నా ఒక్క క్షణంలో అయోవా నుంచి సెంతుల్ వచ్చి పడింది. నవ్వు ఆపుకోలేక నేను కిటికీ వెనక కూలబడ్డాను. (ప్రాంప్టర్ స్థానం అదే. వాల్ట్ మొహం చూసే భాగ్యం నాకు ఒక్కడికే.) మావ మాత్రం చలించలేదు, పొయ్యి వెలిగిస్తానన్నాడు. ఆర్టిస్టు.

అత్త కొంగు బిగించి హాలు ఊడ్చింది.

జూలై 10

మళ్ళీ అత్తే ఊడ్చింది.

జూలై 14

మళ్ళీ. అదే సీను, అదే మాట చివర. చీపురుతో అత్తకి స్నేహం కుదిరినట్టుంది.

రిహార్సల్ అయ్యాక టీ తాగుతుంటే మావ ఆవిడకి క్లాసు తీసుకున్నాడు. ముప్పై ఏళ్ళనుంచి నీ నోట ఆ ముక్క స్టేజీ మీద రానేదు, ఇప్పుడు ఏటే నీకు ఈ రోగం అన్నాడు. పైగా ఈమధ్య గొణుగుతున్నావు, సగం మాటలు నోట్లోనే మింగేస్తన్నావు, గొంతు విప్పి సెప్పవే అని సలహా. అత్త టీలో రొట్టె ముంచుకుంటూ, నీ గొంతు సాల్లే, ఇద్దరికీ సరిపోద్ది అంది. నేను నవ్వాను. మావ కూడా నవ్వాడు. అత్త నవ్వలేదని ఇప్పుడు రాస్తుంటే గుర్తొస్తోంది.

జూలై 18, శుక్రవారం

ప్రేమ్‌నాథ్ నన్ను మెట్ల మీదకి పిలిచి గొంతు తగ్గించాడు. ఆంటీకి వయసు మీద పడుతోంది, పెద్ద పాత్ర మోయలేకపోతోందేమో అన్నాడు. వాళ్ళమ్మకి కూడా ఇలాగే మొదలయిందట, చిన్న చిన్న మాటలతో. కళ్ళు తుడుచుకున్నాడు. వీడి మీద కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకుండా చేస్తాడు. పక్కింటావిడ వేషం వేస్తున్న గుణవతిని ఎడ్నా మాటలు కూడా నేర్చుకోమని రహస్యంగా చెప్పాలట. ఎవరు చెప్పాలి? స్టేజ్ మేనేజర్ చెప్పాలి.

చెప్పాను. గుణవతి, ఐయో ఆ పాపం నాకెందుకు తంబీ అంది. నాకు మాత్రం ఎందుకు?

జూలై 19, సాయంత్రం 5

ఇది జాగ్రత్తగా రాయాలి.

రిహార్సల్‌లో ఫోన్ మోగితే మావ శివాలెత్తుతాడు. ఇవాళ కిటికీ సీనుకి ముందు ఒక ఫోన్ మోగింది, పిట్టలు కూసినట్టు సన్నగా. మోగుతూనే ఉంది. మోగుతున్నది మావ సొంత చొక్కా జేబులో. మావ మీసం సర్దుకుంటూ డైలాగు వల్లె వేసుకుంటున్నాడు. ప్రేమ్‌నాథ్ పరవశించిపోయాడు. చూడండి, ఇదీ ఏకాగ్రత అంటే, ఆయన ఇప్పుడు అయోవాలో ఉన్నారు అని మా అందరికీ ఉపన్యాసం. అంతలో అత్త వెళ్ళి, చొక్కా మీద దుమ్ము దులుపుతున్నట్టు నటిస్తూ ఫోన్ తీసి ఆపేసింది. ఆవిడ ఇన్నేళ్ళలో చేసిన నటనల్లో అంత బాగున్నది నేను చూడలేదు.

బ్రేకులో మావ వెనక నిలబడి, మావా నీ ప్యాంటు చిరిగింది అన్నాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. నిప్పంటుకుంది అన్నాను. ఊహూ. గొంతు లావు చేసి, లా... అన్నాను.

ఏట్రా గుంటడా అని వెంటనే తిరిగాడు.

అదే రోజు, 9 గంటలకి

మావకి సన్న శబ్దాలు పోయాయి, లావు శబ్దాలు మిగిలాయి. ఎదురుగా ఉంటే పెదవులు చూసి లాగించేస్తాడు. ఆయన అటు తిరిగి నిలబడే సీను మొత్తం నాటకంలో ఒక్కటే. అత్త 'లా' అనే సీను కూడా అదొక్కటే.

నేను కుక్క వేషానికి కూడా తగను. కుక్క అయితే ముందే కనిపెట్టేది.

జూలై 20, ఆదివారం

వాళ్ళింటికి వెళ్ళాను. మావ బజారులో ఉన్నాడు. అత్త గిన్నెలు తోముతోంది. అడిగేశాను.

కుళాయి కట్టేసింది. కౌలా సెలంగోర్‌లో నూనె మిల్లు బాయిలరు కాడ పనిసేసినాడు కుర్రప్పుడు, అది ఇప్పుడు పగ తీర్చుకుంటన్నాది అంది. ఆయనకి తెలీదా అన్నాను. తెల్దు, లోకమంతా గొణుగుతన్నాది అనుకుంటన్నాడు అంది. నవ్వింది. తరవాత నవ్వు ఆగిపోయింది. ఆయన సెవికి ఇనబడనేదని నలుగురికీ తెలిస్తే మళ్ళీ మెట్లెక్కడురా, ఇంట్లో కుర్చీలో కూలబడిపోతాడు, ఆ మనిషిని నాను ఎరుగుదును అంది.

మరి నీ వేషం పోతోంది అత్తా అన్నాను. గుణవతి సంగతి చెప్పేశాను కూడా. అది పోతే పోనీ, పక్కింటావిడ వేషం నాకు కొత్తా అంది. గొంతు మాత్రం ఆ మాట నమ్మలేదు. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుని, నాలుగు వడలు కట్టి ఇచ్చింది. లంచం. దారిలోనే తినేశాను, కాబట్టి నేరం రుజువు కాదు.

జూలై 23

పీకేశారు.

ప్రేమ్‌నాథ్ చాలా మర్యాదగా చెప్పాడు, దాంతో ఇంకా ఘోరంగా అనిపించింది. మావ ఆవిడ భుజం మీద చెయ్యేసి, ఇసారం పెట్టుకోకే, కాస్త రెస్టు తీసుకో, నాటకం పాడయిపోకూడదు కదా అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అత్త సరే అంది. తల కూడా ఊపింది, ఆయనకి కనబడాలి కదా.

ఇవాళ ఎవరూ 'లా' అనలేదు. అయినా అత్త హాలు ఊడ్చింది.

జూలై 25, శుక్రవారం

గుణవతి ఎడ్నాగా మొదటి రిహార్సల్. అత్త హాల్లో ఆ మూల కుర్చీలో, పక్కింటావిడ శాలువా కప్పుకుని కూర్చుంది.

కిటికీ సీను. గుణవతి స్పీచ్ శుభ్రంగా చెప్పింది. తోక లేదు. ముగించింది.

కిటికీ అవతల నేను. ఇవతల మావ మొహం. ఎదురు చూస్తున్నాడు. ఆయన లెక్క ప్రకారం ఎడ్నా ఇంకా మాట్లాడుతోంది. అయోవాలో వడగళ్ళు పడుతూనే ఉన్నాయి. కింద టైర్ల షాపు మిషను ఆగిపోయింది, ఖర్మ. గుణవతి దగ్గింది. నేను ప్రాంప్ట్ ఇచ్చాను. చీకట్లో ఉన్నాను, నా పెదవులు ఆయనకి కనబడవు. ప్రేమ్‌నాథ్ అంకుల్, అంకుల్ అన్నాడు. మావ చేను చూస్తున్నాడు.

మూలనుంచి అత్త, కడుపులోంచి, లా అంది.

మావ వెంటనే, అయితే పొయ్యి వెలిగిస్తా అన్నాడు.

అన్నాక ఆయన మొహం మారింది. అది నేనొక్కణ్ణే చూశాను, రాయడం నాకు చేతకాదు. వెనక్కి తిరిగాడు, తిరగకూడని చోట. బల్ల దగ్గర గుణవతి నోరు మూసుకుని కూర్చుని ఉంది. ఆ మూలనుంచి అత్త ఆయన్నే చూస్తోంది. మావ ఆవిడ దగ్గరికి నడిచి వెళ్ళి, ఎన్నాళ్ళనుంచే అని అడిగాడు. అత్త ఆయన కాలరు సర్దింది.

అప్పుడు మావ ప్రేమ్‌నాథ్‌తో, బాబూ, మీ ఆంటీ బుర్రకి ఏటీ అవనేదు, నా సెవులే పోయినాయి, ఆ ముక్క నా కోసమే అంటన్నాది అన్నాడు. తెలుగులో అన్నాడు. ప్రేమ్‌నాథ్‌కి తెలుగు రాదు. నేను ఇంగ్లీషు చేసి చెప్పాను. నా ఒట్టు గట్టున పెట్టి చెప్పాను. ప్రేమ్‌నాథ్ ఊడ్చిన నేల మీద అలాగే కూర్చుండిపోయాడు.

మావ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. వెనకే అత్త.

జూలై 26

మావ రాలేదు. ఫోన్ ఎత్తలేదు. (ఎలా ఎత్తుతాడు అని జోకు వేద్దామనుకున్నాను. నవ్వు రాలేదు.)

జూలై 29

రాలేదు. వాళ్ళింటి తలుపు కొట్టాను. అత్త సందులోంచి తల పెట్టి, కుర్చీలో ఉన్నాడు అంది. అంతే.

ఆగస్టు 1

ప్రేమ్‌నాథ్ వాళ్ళింటికి వెళ్ళాడు, నన్ను దుబాసీగా వెంటబెట్టుకుని. కుర్చీ ముందు నేల మీద కూర్చుని, మావకి పెదవులు కనబడేటట్టు నెమ్మదిగా మాట్లాడాడు. సీను మార్చేస్తాను అంకుల్, మీరు ఆంటీ వైపే తిరిగి నిలబడండి అన్నాడు. రెండేళ్ళ అమెరికా చదువుని ఆ నేల మీద పరిచేశాడు. నాకు వాడి మీద గౌరవం పుట్టింది, ఎవరికీ చెప్పను.

మావ తల అడ్డంగా ఊపాడు. ఆ సీను వీపుదేరా బాబూ, మొగుడు మొహం దాసుకుంటేనే ఆ ఆడది ఆ మాట సెప్పగల్దు, మార్సకు అన్నాడు. దుబాసీ మాటకి మాట ఇంగ్లీషు చేశాడు. తరవాత మావ అత్త వైపు తిరిగి, సెవి మెషీన్ ఎక్కడ అమ్ముతారే అని అడిగాడు.

అత్త వంటింట్లోకి వెళ్ళిపోయింది. కుళాయి శబ్దం చాలాసేపు వినిపించింది. గిన్నెలేమీ లేవు.

ఆగస్టు 6

మావకి మెషీన్. జుట్టు కింద దాగింది. ఈల వేస్తోంది, నిన్న రెండో అంకంలో కుక్క కంటే బాగా పాడింది. ఎడ్నా వేషం అత్తకి తిరిగి వచ్చింది. గుణవతి పక్కింటికి వెళ్ళిపోతూ, అమ్మయ్య అంది.

ఇప్పుడు మావకి అన్నీ వినిపిస్తున్నాయి. నేను బిస్కెట్టు నమిలే శబ్దం భరించలేనంటున్నాడు. నా గొంతు ఇంత సన్నగా ఉంటుందనుకోలేదట. అత్త గొణగడం మానేసిందని అందరికీ చెబుతున్నాడు. అత్త 'లా' మానేసింది.

ఆగస్టు 14, గురువారం

ఓపెనింగ్. బాగా వెళ్ళింది. నాటకం చివర దణ్ణాలకి, కర్టెన్ కాల్‌లో అత్త మధ్యలో నిలబడింది, ఎలా నిలబడాలో తెలియక పక్కకి జరగబోతే మావ చెయ్యి పట్టి లాగాడు. ఒక పేపర్లో రివ్యూ కూడా వచ్చింది. కుక్క ప్రస్తావన లేదు.

ఆగస్టు 24, ఆదివారం

చివరి షో. మెషీన్‌కి కొత్త బ్యాటరీ నేనే వేశాను. పరీక్షకి వెనకనుంచి గుసగుసగా, మావా మీసం వంకర అన్నాను. సర్దుకున్నాడు.

కిటికీ సీను. అత్త చెప్పింది, నీకు ఈ చేను లేకపోయినా నేను నీతోనే వచ్చేదాన్ని అని, ఇంగ్లీషులో, స్పష్టంగా. నేను మావ మొహం చూస్తున్నాను. విన్నాడు.

పొయ్యి మాట ఎత్తలేదు. తిరిగాడు. తెలుగులో, ఏటన్నావు, ఇనబడనేదు, ఇంకోపాలి సెప్పు అన్నాడు.

స్క్రిప్టులో లేదు. నేను ప్రాంప్ట్ ఇవ్వలేదు. అత్త చేతిలో విత్తనాలు బల్ల మీద పెట్టి, నీ సేను నేకపోయినా నీతోనే వచ్చీసేదాన్ని అంది.