గేటు దాటే ట్రైలర్

క్లారీ,

మా అక్కను ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను, చీకటి పడేలోపు వచ్చేస్తాను. గొర్రె మాంసం కూర పొయ్యి మీద ఉంది, వేడి చేసుకుని తిను. బండ్ల తనిఖీ వాళ్లు ఫోన్ చేశారు, ట్రైలర్‌ను గురువారం తీసుకురమ్మన్నారు. దాని కుడివైపు ఇండికేటర్ వెలగడం లేదు. ఎర్త్ వైరు రంగు మీదే బిగించేశావు. రంగు గీకి మళ్లీ బిగించు.

అది సరే గానీ, పాత యూట్ ట్రక్కు వెనక తొట్టి కోసి దానికి చక్రాలు పెడుతున్నప్పుడు నాతో ఏమన్నావు? "కట్టెలు మోసుకోవడానికేలే నోరీన్, మన పొలం గేటు దాటదు" అన్నావు. గేటు దాటనిదానికి లైట్లెందుకు, నంబరు ప్లేటెందుకు? కట్టెల కోసం ఇంత తంటా ఎవడు పడతాడు? మీరిద్దరూ ఎప్పుడూ వెళ్లాలనుకునే ఒపల్ రత్నాల తవ్వకాల మాట మొన్న నేను ఎత్తగానే నీ జతగాడు డెస్ తల వంచుకుని టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. నాకు కళ్లు లేవనుకున్నారా ఇద్దరూ?

నోరీన్

తా.క. తొట్టిలో టార్పాలిన్ కింద నీ మడత కుర్చీ, డెస్‌ది కనిపించాయి. రెండింటి మధ్యా నాది కట్టేశాను. ఆ తాడు ముడులు విప్పితే నాకు తెలిసిపోతుంది.