ఒళ్లోకి దూకిన పందెం పుంజు

ఆదివారం, పడుకునే ముందు

నవ్వు ఆగుతలేదు. కరోనాకు మూతపడ్డ కోడిపందేల బరి మళ్లా తెరిచిన్రని, మా ఆయన పొద్దున్నే పుంజును చంకన పెట్టుకుని బండి తీసిండు. వద్దన్నా వినలే. నేనూ వెనకాల ఎక్కి కూచున్న. వేంసూరు దాటి ఆంధ్రల అడుగుపెడితే మామిడితోట నిండా జనమే. మాస్కులన్నీ గడ్డాల కింద వేలాడుతున్నయి.

పందేలు బందైన ఆ రెండేండ్లు మా పుంజుకు బాదంపప్పు నా చేత్తోనే పెట్టిన. బరిల దింపంగనే అది ఎదుటి పుంజును చూడనే లేదు. కంచె పక్కన కూచున్న నన్ను చూసింది, కంచె దాటి ఒళ్లోకి దూకింది. కాలికి కట్టిన కత్తికి నా కొంగు చిరిగింది. తోటంతా ఒకటే నవ్వు.

బరి దాటితే ఓడినట్టే. ఓడిన పుంజు గెలిచినోళ్ల కూరకు పోవాలె, అది రివాజు. నేను పుంజును గట్టిగ పట్టుకున్న. గెలిచిన పెద్దాయన మాత్రం, "తీసుకపోమ్మా, ఒళ్లో కూచున్నదాన్ని కోసుకుంటమా?" అన్నడు.

దారి పొడుగునా మా ఆయన పుంజును తిట్టుకుంటనే వచ్చిండు. ఇప్పుడేమో వసారాల ఫోన్ పట్టుకుని, "ఈసారి మాంచి పొగరున్న పుంజు చూడు బావా" అంటుండు.

తేనియ్. దానికి మేత పెట్టేది కూడా నేనే కదా.