పులి ముందర పలికిన పేరు

మామా, నీ పెండ్లాం లక్ష్మమ్మను. వయసు డెబ్బై ఆరు. నువ్వు పోయాక సింగానల్లూరులో కొడుకు ఇంట్లోనే ఉన్నాను. నేను చెబుతుంటే మనవరాలు దేవి రాస్తోంది.

నిన్న కారులోంచే పులులను చూపించే పార్కుకు పోయాము. పులి పక్కకు రాగానే, నీ పేరు పెట్టిన చిన్న మనవడు అద్దం దించి చెయ్యి బయట పెట్టాడు.

ఆలి నోట పేరు వస్తే మొగుడికి ఆయుష్షు తగ్గుతుందని, వాణ్ణి కూడా నేను "కన్నూ" అనే పిలుస్తాను. "కన్నూ, చెయ్యి తియ్యిరా!" అంటే వినలేదు.

"రంగసామీ!" అని అరిచాను.

ఉలిక్కిపడి చెయ్యి లాక్కున్నాడు. కొడుకు అద్దం ఎక్కించాడు. పులి ఊపిరి దానిమీద ఆవిరి కట్టింది.

"ఏమత్తా, మామయ్య పేరే చెప్పేస్తివే!" అని కోడలు నవ్వింది. ఆ పేరు వాడిదీ కదా, అదే నా భయం. తగ్గడానికి నీకు ఆయుష్షు లేదు. వాడిది తగ్గేటట్టయితే నాది కోసుకో.

ఇది నా వేలిముద్ర. సాక్షులు: దేవి, తన పేరు తానే రాసిన రంగసామి.