ఇనుప గుండుకు నల్లరంగు

అనంతగిరి

శ్రీవారికి,

యశోద నమస్కరించి రాసేది. ఇక్కడ అత్తమ్మ క్షేమం. బర్రె ఈనింది, దూడ క్షేమం. మా తమ్ముడు కృష్ణ సంగతి కింద రాస్తాను. ఆ కొండల్లో, ఆ సొరంగం పనిలో మీరు క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

చేతిలో ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటి అనుకుంటారేమో. ఫోన్‌లో మీతో నేను నెగ్గలేను. నేనొకటి అడిగితే మీరు ఇంకొకటి చెప్పి నవ్విస్తారు. నవ్వినాక అడగాల్సింది మరిచిపోతాను. పైగా స్పీకర్ పెట్టనిదే అత్తమ్మకు తోచదు. కాగితం మీదైతే మీరు మధ్యలో అడ్డం రాలేరు.

సెలవు మీద వచ్చిన మీ తోటి పనివాడు శాలువా, ఉత్తరం ఇచ్చి పోయాడు. శాలువా అత్తమ్మ కప్పుకుంది, ఇక ఇప్పదు. మీరు అడిగినవాటికి జవాబులు రాస్తున్నాను. కాలువకు నీళ్లు వదిలారు. యాసంగి నాట్లు సగం అయ్యాయి. చైతన్య పొద్దస్తమానం ఫోనే చూస్తున్నాడా అన్నారు. చూస్తున్నాడు. ఈ మధ్య నేను ఎదురుపడితే ఇంకా ఎక్కువ చూస్తున్నాడు. మీ తమ్ముడు వదిన ముఖం చూడలేక ఎందుకు తప్పించుకుంటున్నాడో మీరే అడగండి.

జీపు మీద టార్పాలిన్ కప్పే ఉందా, దాని వెనకకు ఎవరూ పోలేదు కదా అని కూడా రాశారు. నాకు అక్కడే ముల్లు గుచ్చుకుంది. ఇంజిన్ ఎట్లా ఉందని అడగలేదు, టైర్ల సంగతి అడగలేదు. వెనకవైపే ఎందుకండీ? మొన్న మిర్యాలగూడ నుంచి పాత బండ్లు కొనేవాడు వచ్చి మన కొట్టం ముందు నిలబడ్డాడు. అమ్ముతామని మేమెవరమూ చెప్పలేదు. "సారు ఫోన్ చేసిండమ్మా, జల్దీ తీస్కపొమ్మన్నడు" అన్నాడు. బిడ్డను చూసుకున్నట్టు చూసుకున్న జీపు మీకు ఇంత తొందరగా బరువెందుకైంది? అత్తమ్మకు జ్వరంగా ఉందని అబద్ధం చెప్పి వాణ్ని పంపించేశాను.

కృష్ణకు దెబ్బ తగిలిన రోజు సంగతి మీకు చైతన్య చెప్పిందే తెలుసు. నేను చూసింది రాస్తాను.

ఎరువు కోసం మన పొలంలో కృష్ణ గొర్రెల మంద పెట్టాడు కదా. కాలువ నీళ్లు అనుకున్నదానికంటే ముందే వచ్చాయి. పెద్ద గొర్రెలను తోలేసి, గొర్రెపిల్లలను తన బొలెరోలో ఎక్కించుకొని పోదామని పొలంలోకి దిగాడు. బండి ఇరుసు దాకా దిగబడింది. ఇంకేముంది, చైతన్య మన జీపు తెచ్చాడు. తండా దస్రు కొక్కెం ఉన్న తన లావు తాడు తెచ్చి ఒక కొస బొలెరోకు కట్టాడు.

"కొక్కెం యాడ ఎయ్యాలె?" అని దస్రు అడిగాడు.

"గుండుకేయ్. అన్న ఎప్పుడు గుండుకే ఏస్తడు" అన్నాడు చైతన్య.

నిజమే. ట్రాలీ తగిలించుకోవడానికని సూర్యాపేటలో జీపు వెనక మీరు బిగించిన ఆ ఇనుప గుండుకు ట్రాలీ తగిలించింది ఎప్పుడు? ఎవరి బండి బురదలో దిగబడినా మీరు పోవాలి, గుండుకు తాడు పడాలి, అందరూ ఈలలు వేయాలి. "ఏనుగునైనా గుంజుతది" అని మీరు మీసం తిప్పాలి. దసరాకు ట్రాక్టరుతో పాటు దానికీ పసుపు రాసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ కట్టింది నేనే. బొట్టు పెట్టుకున్న ఇనుమును ఎవరు అనుమానిస్తారు?

మొదట లాగితే బొలెరో కదల్లేదు. చైతన్య జీపును వెనక్కి తెచ్చి, తాడు వదులు చేసి, ఒక్క ఊపున ముందుకు ఉరికించాడు. పటాకీ పేలినట్టు చప్పుడైంది. బొలెరో అద్దం పగిలింది. వెనక గొర్రెపిల్లలు అరుస్తున్నాయి, స్టీరింగ్ ముందున్న కృష్ణ అరవడం లేదు. నేను గట్టు మీద నుంచి చెప్పులు బురదలోనే వదిలేసి ఉరికాను. తలుపు తీసేసరికి వాడి ముఖం నాకు ముఖంలా కనిపించలేదు. అదే జీపులో వేసుకొని కోదాడకు, అక్కడి నుంచి సూర్యాపేట దవాఖానకు పరుగెత్తాం. జీపు వెనక అంతా బురద, దాని వంక చూసే తీరిక ఎవరికీ లేదు. తాడు కొక్కెం జారి ఎగిరి కొట్టిందని అందరూ అనుకున్నారు.

సాయంత్రం దవాఖాన వరండాలో ఉండగా మీరు ఫోన్ చేశారు. "అన్నా, తాడు కొక్కెం జారి కృష్ణ బావకు తగిలింది" అని చైతన్య ఏడుస్తూ చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. స్పీకర్‌లో మీ మొదటి మాట విన్నాను.

"గుండు ఉన్నదా, ఊడిందా?" చైతన్య స్పీకర్ ఆపి పక్కకు పోయాడు, ఇంటికి రాగానే జీపు మీద టార్పాలిన్ కప్పేశాడు.

కృష్ణ ఉన్నాడా అని అడగలేదు. ఎవరి నోటా గుండు మాటే రాలేదు. కొండల అవతల ఉన్న మీకు అది ఊడిందేమో అన్న అనుమానం ఎట్లా వచ్చింది?

ఇప్పుడు నేను దాచింది చెప్తాను. గుండు నా దగ్గర ఉంది. బొలెరోలో కృష్ణ కాళ్ల దగ్గర, గాజు ముక్కల మధ్య దొరికింది. ఎందుకో వెంటనే కొంగులో చుట్టేశాను. బియ్యం డబ్బాలో అడుగున పెట్టాను. అత్తమ్మ గుడికి పోయినప్పుడల్లా తీసి చూస్తున్నాను. మెడ దగ్గర విరిగింది. విరిగిన చోట సగం కొత్త గిన్నెలా మెరుస్తోంది. మిగతా సగం మెరవడం లేదు. అక్కడ పాత తుప్పు, తుప్పు మీద నల్లరంగు. పగులు లోపలికి రంగు ఎట్లా పోతుందండీ, పగులు ముందే లేకపోతే?

దసరా ముందురోజు మీరు జీపు కింద చాప పరుచుకొని పడుకున్నారు. నేను టీ తెచ్చాను. మీ చేతిలో నల్లరంగు డబ్బా ఉంది. "పండుగకు జర మెరవాలె గదా" అన్నారు. జీపంతా దుమ్ము కొట్టుకొని ఉంటే గుండు ఒక్కటే ఎందుకు మెరవాలి? ఆ పండుగ కాగానే మీరు రైలెక్కారు. గుండు సంగతి చైతన్యతో ఒక్క మాట చెప్పి పోలేదు.

తుప్పు మరక అనుకొని ఉంటారని ఒక పూట అనుకుంటాను. పగులుందని తెలిస్తే ఊళ్లో ఈలలు ఆగిపోతాయని కప్పేశారని ఇంకో పూట అనుకుంటాను.

నేనూ ఉత్తమురాలిని కాదు. త్రిపురారం నుంచి మా నాన్న మంగయ్య దవాఖానకు వచ్చి "ఎట్లయింది బిడ్డా?" అని అడిగితే, "దస్రు కొక్కెం జారింది నాయినా" అని దస్రు పేరు మొదట ఎత్తింది నేనే. మీ పేరు రావద్దని, మా వాళ్ల ముందు మీ తల వంగవద్దని. నా మాటే ఊరంతా తిరిగింది. ఇప్పుడు దస్రును ఎవరూ పనికి పిలవడం లేదు. అతని భార్య నాగరాణి కృష్ణకు జొన్న గటక కాచి తెస్తే మా అమ్మ గిన్నె తిప్పి పంపింది. ఆదివారం త్రిపురారంలో దస్రును పెద్దమనుషుల ముందు కూర్చోబెడతానని మా నాన్న అన్నాడు.

నిన్న దస్రు మన గడప దగ్గరికి వచ్చాడు, లోపలికి రాలేదు. "అక్కా, నేను కొక్కెం మంచిగనే ఏసిన. ఎట్ల జారిందో సమజ్ అయితలేదు. గిట్ల అందరంటుంటే, నా చెయ్యే తప్పిందేమో అనిపిస్తున్నది" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. చెయ్యని తప్పును ఆ మనిషి నమ్ముకోవడం మొదలుపెట్టాడు.

కృష్ణ కుడికన్ను ఇక రాదట. నిన్న డాక్టరు చెప్పాడు. గొర్రెలున్నా, వాడు బతికేదే ఆ బొలెరో స్టీరింగ్ మీద.

ఈ ఉత్తరం కోదాడలో పోస్టు చేసి అక్కడి నుంచే త్రిపురారం పోతాను. గుండు నా సంచిలో ఉంటుంది. పసుపు కుంకుమ ఇంకా దాని మీదే ఉన్నాయి, తుడవలేదు. ఆదివారం పెద్దమనుషుల ముందు, దస్రు ముందు పెడతాను. నేను చెప్పిన అబద్ధం నేనే చెప్పుకుంటాను. రంగు ఎవరు వేశారని అడుగుతారు. దానికి మీరే రావాలి.

ఫోన్ చేయవద్దు, ఎత్తను. జవాబు రాయవద్దు. వచ్చి నా ముందు నిలబడి చెప్పండి. ఇంట్లో అడిగినట్టే అడుగుతున్న: పగులు సూసినవా, లేదా?

ఎప్పటిలా ‘మీ యశోద’ అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఇట్లు,
కృష్ణ అక్క
యశోద