ఎనిమిది ఆకులు

1961 ఆగస్టు 6, ఆదివారం

మనవరాలు బడిలో వాడి వదిలేసిన నోటుబుక్కు ఇది. సగం తెల్ల కాగితాలే ఉన్నాయి. పొయ్యిలో పెడతారేమోనని తీసి దాచినాను. గుండె దడ వస్తే మనసులో ఉంచుకోవద్దు, ఎవరితోనన్నా చెప్పుకో అంటాడు కాంపౌండరు. ఎవరితో చెప్పేది. చెప్తే ఇంట్లో నవ్వుతారు. మూడో క్లాసు చదువు ఇన్నాళ్ళకు పనికొచ్చింది.

ఈ రోజు దడ ఎందుకంటే, బుచ్చిరెడ్డిపాలెం రైసు మిల్లు రెడ్డిగారి గుమాస్తా వచ్చినాడు. రెడ్డిగారు మద్రాసులో దొరల కాలంనాటి గుండ్రటి టేబులు చూసినాడంట. మామూలుగా నలుగురు కూర్చునేది, పట్టుకుని తిప్పితే పెద్దదై ఊరంతా కూర్చోవచ్చునంట. అట్లాంటిది మా ఆయన్ని చేసిపెట్టమంటున్నాడు. మా ఆయన పద్మనాభాచారి పుట్టిన కాణ్ణించీ బండి చక్రాలు చేసిన మనిషి. అల్లూరులో ఏ బండి చూసినా ఆయన చక్రమే. అయితే మాత్రం, డెబ్బై దగ్గర పడినాయి. ఉలి పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. నేను చూస్తే ఆ చెయ్యి పంచె మడతలో దాచుకుంటాడు. ఒప్పుకోవద్దని తలుపు చాటు నుంచి దగ్గినాను. దగ్గు విన్నాడు. సరే అన్నాడు, గుమాస్తాతో.

ఆగస్టు 9, బుధవారం

పప్పులో ఉప్పు ఎక్కువైందేమోనని ఆయన మొహమే చూస్తా కూర్చున్నాను. మొగవాళ్ళు తినకముందు వంట నోట్లో పెట్టుకోకూడదని మా అమ్మ నేర్పింది. అందుకని ఇన్నేళ్ళూ ఉప్పు సంగతి ఆయన మొహంలోనే చూసుకుంటున్నాను. ఈ రోజు మొహంలో ఏమీ లేదు. టేబులే ఉంది.

ఆగస్టు 24, గురువారం. మధ్యాహ్నం

నవ్వొచ్చే సంగతి ఒకటి జరిగింది, రాసుకుంటాను.

గుమాస్తా డ్రాయింగు ఇచ్చిపోతా టేబులుకు ఎనిమిది ఆకులుండాలని చెప్పినాడు. ఇంగ్లీషులో గూడా ఆకులనే అంటారంట. ఆకులంటే ఆయనకు ఒక్కటే తెలుసు, చక్రం బొడ్డులోంచి అంచుకు పోయే ఆకులు. డ్రాయింగు పక్కన పెట్టి, పది రోజులు కూర్చుని, నున్నగా ఎనిమిది ఆకులు చెక్కి బొడ్డులో బిగించినాడు. నేనేమో విస్తరాకులు అనుకున్నాను. దొరలు గూడా మనలాగే ఆకుల్లో తింటారు గామాల అనుకున్నాను.

లారీ షెడ్డు ఫిట్టరు కృపాదానం వచ్చి చూసి, ఆచారిగారూ ఈ టేబులుకు ఎద్దుల్ని ఎప్పుడు కడతారు అని అడిగినాడు. మా మాల్యాద్రి నవ్వు ఆపుకోలేక బయటికి పోయినాడు, నాయన ముందర కొడుకు నవ్వకూడదని. అప్పుడు కృపాదానం డ్రాయింగు నేల మీద పరిచి చెప్పినాడు. పైన గుండ్రటి బల్ల ఎనిమిది ముక్కలుగా ఉంటదంట, కోసిన పుచ్చకాయ మాదిరి. పట్టుకుని తిప్పితే ఆ ముక్కలు తలా ఒక దిక్కుకు జరుగుతాయంట. వాటి మధ్య సందులు పడతాయి. ఆ సందుల్లో దించే పలకలు ఆకులంట. ఒక కొస మొన, ఒక కొస వంపు. చూస్తే నిజంగా అరిటాకు కొస మాదిరే ఉంది.

ఆయన డ్రాయింగు మీద వేలు పెట్టి ఒక్కో గీతా తడిమినాడు. సిగ్గుపడినాడేమో అనుకున్నాను. తర్వాత ఆ చక్రాన్ని చూపించి, ముక్కలు జరగడానికి కింద దారి కావాలి గదా, ఈ ఆకుల మీదనే జరుగుతాయి, పారేసే పని లేదన్నాడు. కృపాదానం తల గోక్కుని, అట్లయితే ఇనప చేతులు నేను చేస్తాను అన్నాడు. ఇద్దరూ చిన్నపిల్లల మాదిరి నేల మీద సున్నంతో గీసుకుంటా అన్నానికి గూడా లేవలేదు.

సెప్టెంబరు 17, ఆదివారం

నా ఉయ్యాల బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఈ ఇంట్లో నాదనేది ఇదొక్కటే. మా నాయన రంగూన్ నుంచి వచ్చేటప్పుడు ఓడలో తెచ్చిన బర్మా టేకు. నాకు పెళ్ళి చేసి పంపేటప్పుడు తనే చిత్రిక పట్టి, నాలుగు మూలలా గొలుసులకు రంధ్రాలు వేసి ఇచ్చినాడు. మాల్యాద్రి పురుటికి నొప్పులు దీని మీదనే పడినాను. ఇప్పుడు వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, దీని మీద పక్కకు తిరిగి ఒక కాలు నేలకు ఆనించి ఊగితే కన్ను మూతబడుతుంది. ఒక మూల చెక్కలో ముడి ఉంది, చిలక కన్ను మాదిరి. భయమేసినప్పుడల్లా బొటనవేలితో దాన్ని రుద్దుతాను. రుద్ది రుద్ది అక్కడ గుంట పడింది.

ఆయన వడ్రంగి షెడ్డులో టేబులు పైభాగం అయింది. రెడ్డిగారు ఏదో పాత బంగళా పడగొట్టినప్పుడు కొన్న బర్మా టేకు దూలాలు పంపినాడు. కృపాదానం చేతులు బిగించినాడు. ఆయన ఒక్క చేత్తో తిప్పితే పువ్వు విచ్చుకున్నట్టు విచ్చుకుంది. ఆయన చెయ్యి వణకలేదు. నేను చూసినాను.

అక్టోబరు 19, గురువారం

వాన. రెండు వారాలుగా విడిచి విడిచి వానే. దూలాలు పైభాగానికే సరిపోయినాయి, అందుకని ఆకులు మన టేకుతో చేసినారు. ఉప్పుగాలికి అన్నీ ఉబ్బినాయి. ఒక్కటీ సందులో దిగలేదు. ఆయన రుద్దినాడు, ఎండ వచ్చినరోజు దిగినాయి, గోరు పట్టేంత సందు మిగిలింది. మళ్ళా వాన, మళ్ళా ఉబ్బినాయి. బర్మా టేకే కావాలంట, అదీ ఏళ్ళ తరబడి ఆరింది. ఇప్పుడు బర్మా నుంచి చెక్క యాడ వస్తుంది. కార్తీకంలో రెడ్డిగారింట్లో విందు ఉంది. ఆయన అన్నం సగంలో లేచిపోతున్నాడు.

అక్టోబరు 27, శుక్రవారం

పొద్దున ఆయన నా బల్ల మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడినాడు. గుండెల్లో నొప్పేమోనని భయపడి శొంఠికషాయం పెట్టిచ్చినాను. తాగినాడు.

నవంబరు 9, గురువారం

అందరూ నా మీద ప్రేమగా ఉన్నారు. నాకు భయంగా ఉంది.

కోడలు చెంచులక్ష్మి నా కాళ్ళకు నూనె రాసింది. అత్తా, నీ దడకు మందులు పనిచేయవు, జొన్నవాడ పోయి కామాక్షమ్మ గుళ్ళో మూడు నిద్రలు చేసి వస్తే నెమ్మదిస్తావు, నేను తోడొస్తాను అంది. మాల్యాద్రి బస్సుకు పంపే ఏర్పాటు చేస్తానన్నాడు. ఆయన గూడా పోయిరా అన్నాడు. పెళ్ళయిన కాణ్ణించీ ఆయన నన్ను యాడికన్నా పోయిరా అన్నది ఇదే.

వంట ఎవరు చేస్తారు అంటే, అటుకులు తింటామన్నారు.

నవంబరు 14, మంగళవారం

జొన్నవాడ నుంచి వచ్చినాను. మూడు రాత్రులూ గుళ్ళో బాగా నిద్రపట్టింది. అమ్మవారికి ఆయన టేబులు గురించే మొక్కుకున్నాను. నా గురించి మొక్కుకోవడం మర్చిపోయినాను.

గడపలో కాలు పెట్టగానే చూసినాను. గొలుసులు ఉన్నాయి, బల్ల లేదు.

మాల్యాద్రి ఎదురొచ్చి చెప్పినాడు. కార్తీకమాసం గదా అమ్మా, ఊరి గుళ్ళో ఊంజలసేవకు బల్ల కావాలని అడిగినారు, దేవుడికి లేదనకూడదని ఇచ్చినాము. నెల పోయినాక తెచ్చేస్తాము. ఆయన బావి దగ్గర కాళ్ళు కడుక్కుంటా ఉన్నాడు. కడుక్కుంటానే ఉన్నాడు.

చేతులెత్తి మొక్కినాను. దేవుడు ఊగుతానంటే నేను కాదనేదాన్నా.

నవంబరు 17, శుక్రవారం

గుళ్ళో కప్పు కారుతుందేమో. బల్ల తడుస్తుందేమో. గొలుసులు ఇక్కడే ఉన్నాయి, మరి తాళ్ళతో కట్టినారేమో. అడిగితే దేవుడి మీద అనుమానపడినట్టు ఉంటుంది.

కనకాంబరాలు మాల కట్టి, బల్లకు వెయ్యమని చెంచులక్ష్మి చేత పంపినాను. కళ్ళకద్దుకుని తీసుకుపోయింది. ప్రతిరోజూ కట్టి ఇస్తాను అంటే, ఎందుకత్తా శ్రమ అంది. శ్రమేముంది.

నవంబరు 22, బుధవారం

నేల మీద పడుకుంటే నడుము పట్టేసింది. నా బల్ల మీద దేవుడు ఊగుతున్నాడని తలుచుకుంటే నొప్పి తెలియడం లేదు.

డిసెంబరు 3, ఆదివారం. సాయంత్రం

అక్షరాలు ఎట్లా వస్తే అట్లా రాస్తున్నాను.

ఆకులు కుదిరినాయని చెప్పినారు. చెక్క యాడ దొరికిందంటే, దొరికింది అన్నాడు ఆయన. మొన్న టేబులు విప్పి మిల్లు లారీలో పంపినారు. ఈ రోజు విందుకు మమ్మల్ని గూడా రమ్మన్నారు, టేబులు తిప్పి చూపించాలని. ఆయన కొత్త పంచె కట్టుకున్నాడు. నన్ను రావద్దన్నాడు, బస్సులో దడ వస్తుందన్నాడు. నేనే పట్టుబట్టి పోయినాను, జనం ముందర ఆయన చెయ్యి వణుకుతుందేమోనని.

హాలు నిండా జనం. నెల్లూరు నుంచి లాయర్లు, వాళ్ళ ఆడవాళ్ళు. ఆయన టేబులు పట్టుకుని తిప్పినాడు. చప్పుడు లేదు. ఎనిమిది ముక్కలూ ఒక్కసారి వెనక్కు జరిగినాయి, అందరూ ఆహా అన్నారు. మాల్యాద్రి ఆకులు ఒక్కొక్కటే దించినాడు. నీళ్ళల్లో చెయ్యి దించినట్టు దిగినాయి. నాకు గర్వంతో కళ్ళు చెమర్చినాయి. తుడుచుకుని చూస్తే, నాకు దగ్గరగా ఉన్న ఆకులో చిలక కన్ను కనపడింది.

అదే. గుంట నునుపు చేసినారు, పాలిష్ పెట్టినారు. కన్ను కన్నే. నన్నే చూస్తా ఉంది.

రెడ్డిగారి భార్య ప్రమీలమ్మ మంచి మనిషి. నా చెయ్యి పట్టుకుని అందరికీ వినపడేటట్టు అంది.

"ఈ ఆకులు పెద్దమ్మ ఉయ్యాల బల్లంట. వాళ్ళ నాయనిచ్చింది. పని ఆగిపోతే తనే మనసుపడి ఇచ్చిందంట, మాల్యాద్రి చెప్పినాడు."

అందరూ నా వైపు తిరిగినారు. మాల్యాద్రి తల వంచుకున్నాడు. ఆయన గోడ వైపు తిరిగినాడు, చెయ్యి పంచె మడతలో పెట్టుకుని.

"అవునమ్మా" అన్నాను.

ఇంకేమనేది. అంతమంది ముందర నా మొగుణ్ణి, నా కొడుకుని దొంగలని చెప్పేదా. వాళ్ళ అబద్ధాన్ని నా నోటితో నిజం చేసి వచ్చినాను.

పాలిష్ పాడవుతుందని ప్రమీలమ్మ టేబులు మీద అరిటాకులే వేయించింది. మొదట నేననుకున్నదే అయింది చివరికి. ఒక లాయరు కూర్చున్న చోట, చిలక కన్ను మీద ఆకు పరిచినారు. మాకు పసుపు కుంకుమ పెట్టి తాంబూలం ఇచ్చి పంపినారు.

డిసెంబరు 4, సోమవారం

నిన్న రాత్రి ఆయన్ని అడిగినాను, నన్ను అమ్మవారి దగ్గరికి పంపింది అందుకేనా అని. ఆయన మాట తిప్పలేదు. ఉయ్యాల ఒక్క మనిషిని మోస్తుంది, ఆ టేబులు ఎంతమందిని కూర్చోబెట్టిందో చూసినావు గదా అన్నాడు. అది నా చేతి చివరి పని, అది చెడిపోతే చక్రాలు చేసుకునేవాడికి ఎందుకు ఈ పోకడ అని ఊరు నవ్వేది అన్నాడు. నేను ఏడవలేదు. అప్పుడు అడిగినాడు.

"అడిగితే ఇచ్చేదానివా?"

ఇచ్చేదాన్నో కాదో నాకు తెలియదు. రెండు రోజులు దడతో కొట్టుకునేదాన్ని. అన్నం తినేదాన్ని కాదు. ఆయన వణుకు చూసి ఇచ్చేదాన్నేమో. ఇచ్చి ఉంటే ఆ టేబులు చూసి నేను గూడా మురిసిపోయేదాన్ని. ఆ ఇవ్వడం నాది గదా. దాన్ని గూడా నాకు లేకుండా కోసినారు.

డిసెంబరు 6, బుధవారం

చెంచులక్ష్మిని ఒకటే అడిగినాను. ఆ కనకాంబరాల మాల ఏం చేసినావని.

కాలవలో వేసినానంది. వేసేటప్పుడు దణ్ణం పెట్టినానత్తా అంది.

డిసెంబరు 12, మంగళవారం

ఆయన మిగిలిన చెక్కతో చిన్న పీట చేసి పొయ్యి పక్కన పెట్టి పోయినాడు. ఒక మూల గొలుసు రంధ్రం, దాన్ని బిరడా వేసి మూసినాడు. బాగా మూసినాడు, చెయ్యి పెడితే తెలియదు. పీట తీసి నీళ్ళ బిందె మీద మూతగా పెట్టినాను. ఆయన నేల మీద కూర్చుని తిన్నాడు. ఉప్పు సంగతి ఏమీ చెప్పలేదు, నేను మొహం చూడలేదు.

మాల్యాద్రి మామిడిచెక్కతో కొత్త బల్ల చేసి తెచ్చినాడు. గొలుసులు తగిలించవద్దన్నాను. గోడకు ఆనించి ఉంది.

డిసెంబరు 19, మంగళవారం

నెల్లూరు లాయరు ఒకాయనకు టేబులు నచ్చిందంట. అట్లాంటిదే కావాలని కబురు పంపినాడు. ఇదే చివరి పని అన్న మనిషి ఇప్పుడు మా వీధి తలుపు మీద అరచెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. అది గూడా పాత చెక్కే.

డిసెంబరు 24, ఆదివారం

బిందె మీద పీట తీసి వాల్చుకున్నాను. ఆయన షెడ్డు నుంచి రాకముందే ఆకు వేసుకుని తిన్నాను. చెంచులక్ష్మి చూసి గుమ్మంలో నిలబడిపోయింది.

ఉప్పు సరిపోయింది.