మొదటి స్థానంలో మా వీధి

ప్రియమైన నాన్నకు,

గది దొరికింది. మేడ మీద గది, ఒక కిటికీ, కిటికీకి ఊచలు. గట్టివేనా అని నువ్వు అడుగుతావని ముందే పట్టుకుని ఊపి చూశాను. కింద నుంచి ఇంటావిడ "ఏమ్మా, ఊడగొడతావా?" అని అరిచింది. గట్టివే.

ఆఫీసులో నాకు నేరాల లెక్కలు అప్పగించారు. ఏ వీధి నుంచి ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో పోలీసులు అంకెలు పంపుతారు. వాటిని ఆ వీధిలోని ఇళ్లతో భాగించి, నేరాలు ఎక్కడ ఎక్కువో పట్టిక వేయాలి. మన ఇంట్లో కుర్చీలో కూర్చుని చేసే మొదటి ఉద్యోగం నాదేనని అమ్మ అందరికీ చెబుతోందట. చెప్పనీ. కుర్చీకి ఒక కాలు పొట్టి అని మాత్రం చెప్పొద్దను.

వీధిలో వాళ్లు చాలా మంచివాళ్లు. సాయంత్రం కాగానే "చదువుకున్న పిల్ల వచ్చింది" అంటూ మెట్ల మీద చేరతారు. వాళ్లకు ఉత్తరాలూ అర్జీలూ రాసిపెడుతున్నాను. బదులుగా నన్ను వంట చేసుకోనివ్వడం లేదు.

ఇక్కడ భయపడాల్సిందేమీ లేదు.

నీ కూతురు

*

ప్రియమైన అమ్మలుకు, నాన్న చెబుతుంటే సెలూన్ బాబాయి రాస్తున్నది.

నువ్వు నాకు అబద్ధం చెబుతావని కలలో కూడా అనుకోలేదు. బాబాయి నాకు గడ్డం గీస్తూ పేపరు చదివాడు. నగరం మొత్తంలో ఫిర్యాదులు ఎక్కువున్న వీధి మీదేనట! ఉలిక్కిపడ్డాను. చెంప తెగింది. (కదలొద్దని ముందే చెప్పాను. - బాబాయి)

మన వీధి సంగతి చూడు. కానిస్టేబులు క్రాపుకు వస్తే అడిగాం. ఈ ఏడాది మన వీధి నుంచి ఒక్క ఫిర్యాదూ లేదట. సున్నా! అదీ వీధంటే. మేస్త్రీల వీధి అని ఊరికే అన్నారా?

మీ అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. మానేశానని పొద్దున్నుంచి ఆగకుండా చెబుతూనే ఉంది. నెలాఖరుకు వస్తున్నాను, పెట్టె సర్దుకో. ఉద్యోగం ఇక్కడా దొరుకుతుంది. (దొరకదు. నేను రాయకూడదు గానీ రాశాను.)

నీ నాన్న

*

ప్రియమైన నాన్నకు,

అబద్ధం చెప్పలేదు. పేపర్లో పడిన ఆ పట్టిక వేసింది నేనే. ఎన్నిసార్లు కూడినా మా వీధే పైకొచ్చి కూర్చుంది. లెక్క తప్పేమోనని సారు దగ్గరికి పట్టుకెళితే, "మీ వీధి ఫస్టొస్తే స్వీట్లు పంచాలి గానీ ఏడుపెందుకమ్మా?" అన్నారు.

పెట్టె సర్దను నాన్నా. నాకు ఈ పని కావాలి. నువ్వు గోడ కట్టాక నాలుగడుగులు వెనక్కి వెళ్లి, నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసుకుంటావే, అంకెలన్నీ వరసలో నిలబడితే నాకూ అలాగే ఉంటుంది. ఇక్కడ దొంగలుంటే వాళ్లెవరో కనుక్కుంటాను. నిజంగా ప్రమాదమైతే నేనే వచ్చేస్తాను. మాట.

నీ మొండి కూతురు

*

ప్రియమైన అమ్మలుకు,

మాటిచ్చావు కాబట్టి నెలాఖరు దాకా ఆగుతాను. ఈలోగా తలుపు వెనక బల్ల అడ్డం పెట్టి, దాని మీద గిన్నెలు పేర్చుకో. ఎవడైనా తోస్తే చప్పుడవుతుంది. (నా సలహా అయితే కుక్క. గిన్నెలు మొరగవు.)

దొంగల్ని నువ్వు కనుక్కోవద్దు. వాళ్లు నిన్ను కనుక్కోకుండా చూసుకో.

నీ నాన్న

*

ప్రియమైన నాన్నకు,

బాబాయిని ముందు కత్తి పక్కన పెట్టమను. దొంగ దొరికింది. నేనే.

ఆఫీసుకు అంకెలే వస్తాయి, కాగితాలు రావు. అందుకని సారును అడిగి స్టేషనుకు వెళ్లాను. ఫిర్యాదులు తీసుకునే రైటరు మా వీధి కట్ట నా ముందు పడేశాడు. పై కాగితం నా చేతిరాత. దాని కిందది నా చేతిరాత. కట్టంతా నేనే!

ఇంటావిడ బకెట్. డ్రైవరు మామయ్య ఎడమకాలి బూటు. టైలరత్త కత్తెర, అది మర్నాడే గుడ్డల కింద దొరికింది, ఫిర్యాదు మాత్రం వెనక్కి రాలేదు. "గుర్తు తెలియని వ్యక్తి మా మెట్ల మీద కాసేపు కూర్చుని వెళ్లిపోయాడు" అని ఇంకొకటి. ప్రతిదాని చివరా "మా ధన ప్రాణాలకు రక్షణ కల్పించగలరని ప్రార్థన" అని నేనే కలిపాను, నిండుగా ఉంటుందని. ఒక్కొక్కటీ రాసేటప్పుడు సాయం అనుకున్నాను. ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరు ఇలా రాసిపెడుతూనే ఉంటారనుకున్నాను.

"నువ్వు రాకముందు మీ వీధి నుంచి ఈగ కూడా వచ్చేది కాదమ్మా" అన్నాడు రైటరు.

ఫిర్యాదులు వెనక్కి తీసుకోమని ఇల్లిల్లూ తిరిగాను. టైలరత్త నా మీద విరుచుకుపడింది. "ఎందుకు తీసుకోవాలే? ఇన్నేళ్లు నోటితో మొత్తుకుంటే బల్బు కూడా మార్చలేదు. ఇప్పుడు చూడు, మూలమూలకీ దీపం, రోజూ గస్తీ. వచ్చేసారి కూడా మనమే ఫస్టు రావాలి!" పక్క వీధి వాళ్లు అద్దె తగ్గించి ఇస్తాం, మా దగ్గరికి వచ్చేయమంటున్నారు.

వెళ్లి సారుకు చెప్పాను.

"లెక్క తప్పా?" అన్నారు.

"లెక్క ఒప్పే సార్. దాన్నిబట్టి మనం అనుకున్నదే తప్పు."

"అయితే ఆ ముక్కే పట్టిక కింద రాయి."

రాశాను: ఫిర్యాదులు ఎక్కువున్న చోట దొంగలు ఎక్కువనీ, లేని చోట అసలు లేరనీ అనుకోరాదు. ఇక నుంచి ప్రతి పట్టిక కిందా అచ్చవుతుంది.

నువ్వు వస్తావా, నన్ను ఉండనిస్తావా? తేల్చి చెప్పు.

నీ కూతురు

*

ప్రియమైన అమ్మలుకు,

నీ ఉత్తరాన్ని బాబాయి సెలూన్లో అందరికీ వినబడేలా చదివాడు. చదవకుండా ఉండాల్సింది.

ఫిర్యాదులు లేని చోట దొంగలు లేరనుకోరాదన్న ముక్క వినగానే పాలాయన "అంటే, పోయిన నా సైకిలు దొంగలెత్తుకెళ్లినట్టేనా?" అన్నాడు. అంతే, ఒక్కొక్కరే మొదలుపెట్టారు. ఎదురింటాయన గేటుకు గేటే పోయిందట. గాలికి ఎటో కొట్టుకుపోయిందనుకుని ఇన్నాళ్లూ ఊరుకున్నాడు. ఇంటికొస్తే మీ అమ్మ మన పెరట్లో తరిగిపోతున్న ఇటుకల సంగతి ఎత్తింది. ఇద్దరం వెళ్లి పక్కింటివాళ్ల కొత్త స్నానాలగది వైపు చాలాసేపు చూసి వచ్చాం. గోడ వంకరగా కట్టారు. అదొకటి కడుపు మంట.

గోడ మట్టం చూసుకునే నా రసమట్టం కనబడక ఎంత వెతికాను! సెలూన్లో అద్దం కింద ఉంది. ఇది కూడా రాయమన్నాను. (రాశాను. అడిగే తీసుకున్నాను. - బాబాయి) అడగలేదని రాయి. (అడగలేదంటున్నాడు.)

ఇప్పుడు వీధిలో ఎవరూ ఎవరితో సరిగ్గా మాట్లాడటం లేదు. గడ్డానికి వచ్చినవాళ్లు చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటున్నారు. మీ అమ్మ తాళం కొంది. తాళంచెవి ఎక్కడ పెట్టిందో నాకూ చెప్పడం లేదు.

నేను రావడం లేదు. నువ్వు అక్కడే, ఆ దీపాల కింద హాయిగా ఉండు. సెలవు దొరికితే రెండు రోజులు వచ్చిపో, తెల్లకాగితాలు ఎక్కువ తెచ్చుకో. జనం ఇప్పటికే మన గుమ్మంలో కూర్చున్నారు.

వచ్చేటప్పుడు మాత్రం పట్టపగలే రా తల్లీ. మన వీధి అసలే మంచిది కాదు.

నిందితుడి చేతిరాతతో,
నీ నాన్న