సీడీలో ఉన్న బాట

ఎడపల్లి మండలం,
నవంబరు 27.

నిజామాబాద్‌లో లాప్‌టాప్‌ల దుకాణం నడుపుతున్న భూమేష్ గారికి, రైతు ఆత్మారాం నమస్కరించి రాసేది.

ఇక్కడ మూడు రోజులుగా మంచు గట్టిగా పడుతోంది. పొద్దెక్కేదాకా పొలం గట్టు కనబడటం లేదు. ఈరోజు చెరుకుకు ఎండుటాకు ఒలిచాము. సాయంత్రం బర్రెలకు మేత వేసి వచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

పోయిన ఆదివారం మా చిన్నమ్మాయి అఖిల చదువు కోసం మీ దగ్గర లాప్‌టాప్ కొన్నాను. ఇంటికి తెచ్చి చూస్తే దానికి సీడీ పెట్టే గూడు లేదు. నాలుగు పక్కలా చూశాము. అడుగున కూడా చూశాము. విడిగా ఇచ్చారేమోనని అట్టపెట్టె బోర్లించి దులిపాము. మీ దుకాణంలోనే ఎక్కడో ఉండిపోయి ఉంటుంది. వెతికి పంపగలరు.

అవసరం ఏమిటంటే, మా పొలం మా అన్న కాశయ్య పొలానికి వెనుక ఉంది. ఆయన గట్టు వెంబడి వస్తే తప్ప ట్రాక్టర్ మా చెరుకు దగ్గరికి రాదు. పంపకాలప్పుడు బాట గురించి ఏమీ రాసుకోలేదు. మా పెద్దమ్మాయి సుమలత పెళ్లిలో, భోజనాల బంతిలో కూర్చుని, "గట్టెంబడి బాట నీదే తమ్మీ, నేనున్నా లేకున్నా" అని మా అన్న అందరి ముందూ అన్నాడు. వీడియో తీసే వేణు ఎదురుగానే నిలబడి తీశాడు. ఆ సీడీ మా దగ్గర ఉంది. పోయిన ఏడు మా చెరుకు ట్రాక్టర్ ఎక్కి ఆయన నీళ్ల పైపు పగిలింది. ఈ ఏడు బాటకు అడ్డంగా కంచె కట్టాడు. అసలు ఆ మాటే అనలేదంటున్నాడు. డిసెంబరు చివర నాందేడ్ వైపు నుంచి కోత ముఠా వస్తుంది. బాట లేకపోతే మా చెరుకు వదిలేసి ముందుకు పోతారు. అది నిలబడే ఎండిపోతుంది.

ఇదంతా ఫోన్‌లో చెప్పవచ్చు. నోటి మాట మీద నమ్మకం పోయింది కాబట్టి రాస్తున్నాను.

మీ గూడు కోసం చూస్తూ,
ఆత్మారాం

తాజాకలం: మా ఇంట్లో డీవీడీ ప్లేయర్ ఉండేది. మా ఆవిడ దాన్ని పాత సామానాయనకు ఇచ్చి ఉల్లిగడ్డలు తీసుకుంది. ఉల్లిగడ్డలు కూడా అయిపోయాయి.


నిజామాబాద్,
డిసెంబరు 1.

గౌరవనీయులు ఆత్మారాం గారికి,

మీ ఉత్తరం అందింది. మా దుకాణానికి కరెంటు బిల్లు, బ్యాంకు నోటీసు తప్ప ఇంకో కాగితం వచ్చి చాలా కాలమైంది.

మీ లాప్‌టాప్‌లో ఏదీ పోలేదు. ఇప్పుడు వచ్చేవాటికి సీడీ గూడు ఉండదు. అది ఉంటే బరువు, మందం. దుమ్ము చేరి అన్నిటికంటే ముందు చెడిపోయేది కూడా అదే. ఇప్పుడు పాటలు, సినిమాలు, పాఠాలు అన్నీ ఇంటర్నెట్‌లో ఉన్నాయి. గూడు కావాలని అడిగేవాళ్ళు ఏడాదికి ఒకరో ఇద్దరో. ఈ ఏడు మీరే.

దీనికి రెండు దారులున్నాయి. బయట తగిలించుకునే డ్రైవ్ విడిగా అమ్ముతారు, మీరు కావాలంటే తెప్పిస్తాను. లేదా సీడీ తెస్తే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇస్తాను. దానికి డబ్బు తీసుకోను.

మీ సమస్య తీరాలని కోరుతూ,
భూమేష్

తాజాకలం: లాప్‌టాప్ పక్కన సన్నటి సందు ఒకటి ఉంటుంది. అది కెమెరా కార్డుది. అందులోకి సీడీని నెట్టవద్దు.


ఎడపల్లి మండలం,
డిసెంబరు 5.

భూమేష్ గారికి,

మంచు తగ్గింది. చలి తగ్గలేదు. పని సగంలో వదిలి ఇది రాస్తున్నాను.

మీ దుకాణంలో ఇలాంటి పద్ధతి ఉందని తెలిస్తే నేను బోధన్‌లోనే కొనేవాణ్ణి. గూడు తీసేసి, అదే గూడును మళ్ళీ విడిగా అమ్ముతారా? ఎంత కొత్త ట్రాక్టర్ వచ్చినా వెనుక కొక్కెం తీసేయలేదు. పాత నాగలి ఉన్నవాడు ఏం చేయాలని వాళ్ళు ఆలోచించారు. మీవాళ్ళు ఆలోచించలేదు. అన్నీ ఇంటర్నెట్‌లో ఉన్నాయని రాశారు. మా అన్న మాట ఇంటర్నెట్‌లో లేదు.

అయినా పెన్‌డ్రైవ్‌కు ఒప్పుకున్నాను. నిన్న పెద్దమనిషి పోశయ్య ఇంటి ముందు కూర్చున్నప్పుడు ఆ సంగతి చెప్పాను. మా అన్న లేచి నిలబడ్డాడు.

"పెన్‌డ్రైవ్ ముచ్చట నా ముంగట తేకుండ్రి. గిప్పుడు ఎవని నోట్లె ఏ మాటన్న పెడ్తున్నరు. నేను ఊకె అంటలేను. నిజామాబాద్ దుకాణపాయననే అడిగొచ్చిన. అతికియ్యొచ్చు అన్నడు."

"ఏ దుకాణం?" అన్నాను.

"నువ్వు కొన్న దుకాణమే" అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు.

పెద్దమనుషులు ఒక మాట తేల్చారు. ఈ ఆదివారం కాక పై ఆదివారం సీడీనే పెట్టాలి, అందరి ముందూ పెట్టాలి. ఇప్పుడు చెప్పండి, మా అన్న మీకు ఏమవుతాడు? ఆ రోజు మీరు కూడా రావాలి. గూడు ఎందుకు తీసేశారో పెద్దమనుషుల ముందు చెప్పాలి.

ఇలా రాయాల్సి వచ్చినందుకు బాధపడుతూ,
ఆత్మారాం

తాజాకలం: ఆ సన్నటి సందు సంగతి నేను కొన్నప్పుడే మీరు చెప్పాల్సింది.


నిజామాబాద్,
డిసెంబరు 8.

ఆత్మారాం గారికి,

మీ అన్న నాకు ఏమీ కాడు. పోయిన వారం తెల్ల రుమాలు కట్టుకున్న పెద్దాయన ఒకరు వచ్చి కూర్చున్నారు. కొనడానికి వచ్చారనుకుని టీ తెప్పించాను. ఒక లాప్‌టాప్ మీద చెయ్యి పెట్టి, "బిడ్డా, ఇండ్ల మనిషి అననిది అన్నట్టు చెయ్యొస్తదా?" అని అడిగారు. వస్తుంది, కాని అది తప్పు, పోలీసు కేసవుతుందన్నాను. మొదటి మాట పట్టుకుని, రెండోది నా దగ్గరే వదిలేసి వెళ్ళినట్టున్నారు. ఆయన మీ అన్న అని మీ ఉత్తరం చూసేదాకా నాకు తెలియదు.

గూడు నేను తీయలేదు. కంపెనీలు తీశాయి. నేను అట్టపెట్టె విప్పి అమ్మేవాణ్ణి. మాది కమ్మర్‌పల్లి, మా బాపు పసుపు రైతు. పంచాయితీ అంటే ఏమిటో చూస్తూ పెరిగాను. ఒకడిని మధ్యలో నిలబెట్టాక ఏదో ఒక తప్పు తేల్చకుండా పంపరు. మీ అన్నదమ్ముల బాటకు నా మీద జరిమానా వేయడం న్యాయం కాదు. నేను రాను. మీ ఊరివాళ్ళే ఇక్కడికి వస్తే మా వ్యాపారుల సంఘం కూడా కూర్చుంటుంది.

మర్యాద తప్పకుండా,
భూమేష్

తాజాకలం: మా దుకాణంలో కుర్చీలు అయిదే ఉన్నాయి. వచ్చేముందు ఎంతమందో తెలపండి.


ఎడపల్లి మండలం,
డిసెంబరు 11.

భూమేష్ గారికి,

జరిమానా అన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? నేను రాయలేదు. వచ్చి నాలుగు మాటలు చెప్పమన్నాను. మీరు సంఘం దాకా వెళ్ళారు. ఈ సంగతి పోశయ్యకు చెబితే, "తప్పు లేనోడు గంత భయపడ్తడా?" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది.

లాప్‌టాప్ వెనక్కి ఇచ్చేద్దామనుకున్నాను. అఖిల దాన్ని బియ్యం డ్రమ్ములో దాచింది. "బాపూ, నీ పంచాయితికి నా పరీక్షలేం చేసినయ్?" అంది. వీడియో తీసిన వేణు దగ్గర సీడీ ఆడించే పెట్టె ఉంటుందేమోనని బోధన్ వెళ్ళాను. అతను మస్కట్ వెళ్ళిపోయాడట. అతని స్టూడియోలో ఇప్పుడు కోడి మాంసం అమ్ముతున్నారు.

కోత ముఠా మేస్త్రి ఫోన్ చేశాడు. ముందు బాట చూపిస్తేనే మా పొలంలో దిగుతామన్నాడు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఈ చుట్టుపక్కల చెరుకు వేసినవాళ్ళం కొద్దిమందిమే. మా ఒక్కరి కోసం ముఠా మళ్ళీ రాదు. ఎకరం నుంచి ఎంత వస్తుందని నేను రాయను. ఈ ఏడు మాకున్న పంట అదొక్కటే.

మీరు రాకపోయినా సరే. గూడు పంపండి. లోపలిదో బయటిదో, మీకు ఏది తోస్తే అది.

ఇక రాయడానికి ఏమీ లేక,
ఆత్మారాం

తాజాకలం: కుర్చీల గురించి ఎందుకు అడిగారో తెలియలేదు. మా దగ్గర అందరూ చాపల మీదే కూర్చుంటారు.


నిజామాబాద్,
డిసెంబరు 14.

ఆత్మారాం గారికి,

ఈ ఉత్తరంతో పాటు డ్రైవ్ పంపుతున్నాను. రేపు ఆదివారం కాబట్టి పోస్టులో వేయకుండా బోధన్ బస్సు కండక్టర్ చేతికి ఇస్తున్నాను. నల్లటి పలక లాంటిది. వైరు లాప్‌టాప్‌కు తగిలించి, మీట నొక్కితే గూడు బయటికి వస్తుంది. కొత్తది తెప్పించే టైము లేదు. ఇది మా ఇంట్లోది. పంచాయితీ అయ్యాక తిరిగి పంపండి.

మీ పోయిన ఉత్తరం మా ఇంట్లో చదివాను. మా ఆవిడ జ్యోతిరాణి ఒకటే అడిగింది: "ఏడాదికి ఒక్కడే అడుగుతడంటవ్, గా డ్రైవ్ మనమెందుకు ఉంచుకున్నం మరి?" బీరువాలో మా పెళ్లి సీడీ ఉంది. ఈ డ్రైవ్ అందుకే ఉంది. ఆ సంగతి దుకాణంలో ఎవరికీ చెప్పను.

మీ మాట గెలవాలని,
భూమేష్

తాజాకలం: మీట నొక్కాక గూడు వచ్చేది కొంచెమే. మిగతాది వేలితో లాగాలి. అందరి ముందూ కంగారుపడవద్దు.


ఎడపల్లి మండలం,
డిసెంబరు 30.

భూమేష్‌కు, ఆత్మారాం దీవించి రాసేది.

ఆలస్యమైంది. కోత పనిలో తీరిక దొరకలేదు.

డ్రైవ్ ఆదివారం పొద్దునే అందింది. మా ఇంటి ముందు చాపలు వేశాము. లాప్‌టాప్‌ను బియ్యం డ్రమ్ము మీద పెట్టాము. అఖిల మీట నొక్కింది. గూడు కొంచెమే వచ్చింది. నేను కంగారుపడలేదు. సీడీ గిర్రున తిరిగి బొమ్మ వచ్చింది.

బంతి దాకా జరిపించాను. మా అన్న విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు. మీసం ఇంకా నల్లగా ఉంది. నేను పక్కన నెయ్యి గిన్నె పట్టుకుని నిలబడ్డాను. మా అన్న చెయ్యెత్తి నావైపు తిరిగాడు. నోరు తెరిచాడు. ఆడమనిషి గొంతుతో సినిమా పాట వచ్చింది. వానలో పాడే పాట. మా అన్న నోరు కదులుతోంది, పాట నడుస్తోంది. వేణు బంతి మొత్తానికి అదే పాట పెట్టాడు. అంతకుముందు తలంబ్రాలకు ఒకటి, ఆ తర్వాత అప్పగింతలకు ఇంకొకటి. సీడీ అంతటా మనిషి గొంతు ఒక్కటి లేదు.

నేను ఆ సీడీని పెళ్లయిన ఏడాది ఒక్కసారి చూశాను. మాట నా చెవిలో ఉంది కాబట్టి సీడీలోనూ ఉందనుకున్నాను.

పోశయ్య తెర వైపు వేలు చూపాడు. "కాశయ్యా, గక్కడ ఏమంటున్నవ్?"

"పప్పుల ఉప్పు తక్కువున్నదంటున్న" అన్నాడు మా అన్న.

చాపల మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. అఖిల కూడా నవ్వింది. నేను సీడీ తీయబోయాను.

"ఉండనియ్. పెట్టినంక మొత్తం సూద్దాం. నేను గూడ ఉంట గద గా సీడీల" అన్నాడు పోశయ్య.

అలా మొత్తం చూశారు. ఒకాయన తన జుట్టు చూసుకున్నాడు. ఒకాయన తన తమ్ముణ్ణి చూసి, వాడు పోయి ఆరేళ్లయిందని చెప్పాడు. బాట మాట ఎవరూ ఎత్తలేదు. నడుమ ఒకచోట పెళ్లికి నీళ్ల డ్రమ్ములు తెచ్చిన బండి వచ్చింది. వేణుకు తీయడానికి ఇంకేమీ దొరకలేదేమో, ఎడ్లను చాలాసేపు తీశాడు. మా అన్న లేచి లాప్‌టాప్ ముందుకు వచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"ఆపు బిడ్డా" అన్నాడు అఖిలతో. "గివి నా ఎడ్లు."

చెరుకు బళ్లు ఫ్యాక్టరీకి తోలడం ఆగిపోయాక ఆ జతను పశువుల అంగడిలో అమ్మేశాడు. ఎవరు కొన్నారో కూడా మళ్ళీ అడగలేదు. "ఇంకోపారి పెట్టు" అన్నాడు. అఖిల పెట్టింది. ఎన్నిసార్లు పెట్టించాడో నేను లెక్కపెట్టలేదు. చీకటి పడింది. పెద్దమనుషులు తీర్పేమీ చెప్పకుండానే చాపలు దులుపుకుని వెళ్ళిపోయారు. నేను ఓడిపోయాననే అనుకున్నాను. ఆ రాత్రి మేస్త్రికి ఏం చెప్పాలో తోచలేదు.

మర్నాడు పొద్దున మా అన్న వాకిట్లోకి వచ్చాడు. ఏడాదిగా రాని మనిషి.

"గా డబ్బ, గా మిషిను నాలుగు దినాలు మా ఇంట్ల పెట్టు."

"మరి బాట?" అన్నాను.

"కంచె పీకిన. పోయి సూస్కో. పైపు మీదికి మల్ల ఎక్కిస్తె ఊకోను."

"ఆ రోజు నువ్వు బంతిలో అన్నమాట..."

"ఉప్పు తక్కువే ఉండె" అని లాప్‌టాప్, డ్రైవ్ రెండూ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ముఠా వచ్చింది. నాలుగు రోజుల్లో చెరుకంతా బయటికి పోయింది. పైపు మీద మట్టి పోసి, దాని మీద చెక్కలు వేసి తోలాము. పగల్లేదు.

ఇప్పుడు నీ మాటకు వస్తాను. గూడు లాప్‌టాప్‌లోనే ఉండాలా, విడిగా ఉండాలా అన్నది ఇంకా తేలలేదు. విడిగా ఉంది కాబట్టి నువ్వు పంపగలిగావు, అది నిజమే. లోపలే ఉంటే నేను ఇన్ని ఉత్తరాలు రాసేవాణ్ణి కాదు, అదీ నిజమే. నేను నా మాట మీదే ఉన్నాను.

అందరినీ అడిగానని చెప్పు,
ఆత్మారాం

తాజాకలం: నీ డ్రైవ్ తిరిగి పంపలేకపోతున్నాను. మా అన్న ఇవ్వడం లేదు. అఖిల చదువుకోవడానికి రోజూ పెద్దబాపు ఇంటికే పోతోంది. ఆయన చూస్తున్నంతసేపు పక్కన కూర్చుని, అయ్యాక చదువుకుని వస్తోంది. నేనూ అఖిలా చెబితే ఆయన ఒక్కదానికి ఒప్పుకున్నాడు, సొంతంగా ఒక లాప్‌టాప్ కొనుక్కుంటానన్నాడు. గూడు లోపలే ఉన్నది కావాలంటున్నాడు. ఇప్పుడు అలాంటివి రావని చెప్పాను. నా మాట నమ్మడు. నువ్వు నాకు రాసినవన్నీ ఆయనకు నోటితో చెప్పు. టీ ఇవ్వు. మా అన్న ఈ ఉత్తరం కంటే ముందే, ఈరోజు పొద్దున ఏడు గంటల బస్సుకు నిజామాబాద్ వెళ్ళాడు.